కోటు చేతిమీద పాట

మా మామగారి కుడిచెయ్యి ప్రార్థనలో నిలకడగా ఉండేది కాదు. కళ్ళు మూసుకుని, తల వంచుకుని, పెదవులు మాత్రం కదుపుతూ ఆయన దేవుడితో మాట్లాడుతుంటే, ఆ చెయ్యి మోకాలి మీద తన పని తాను చేసుకుపోయేది. వేళ్ళు వదులుగా ముడుచుకుని ఉండేవి. చూపుడువేలి గోరు కిందికి పడేది. బొటనవేలు ఎక్కడో కాస్త పైన వాలి, ఒక్క క్షణం ఆగి, లేచిపోయేది. మళ్ళీ గోరు పడేది. నేనూ కళ్ళు మూసుకోవలసినదాన్నే. మూసుకోకుండా ఆ చేతిని చూస్తూ కూర్చునేదాన్ని. తప్పని తెలుసు. కానీ ఆ చేతిని నా కళ్ళెదుట పెట్టింది ఆ దేవుడే కదా అని సర్దిచెప్పుకునేదాన్ని.

యుద్ధం నుంచి మావారు ఆర్విల్ తిరిగొచ్చిన రెండో ఏడు, పొగాకు ఒలిచే కాలంలో జరిగిందిదంతా. కెంటకీ కొండల్లో మా వాగు వెంట మామగారి పేరు తెలియనివాళ్ళు లేరు. ఆయన పేరు ఎల్జీ. వయసులో ఉన్నప్పుడు ఎల్జీ బాంజో పట్టుకున్నాడంటే పిలవని పెళ్ళికి కూడా జనం వచ్చేవారట. చనిపోయిన మా అత్తగారు ఆ మాట చెప్పేది, చెప్పి గుమ్మంకేసి చూసేది, ఆయన విన్నారేమోనని. యాభై దాటాక ఆయనకి దేవుడి పిలుపు వచ్చింది. ఫిబ్రవరి చలిలో వాగులో దిగి బాప్తిస్మం తీసుకున్నారు. ఒడ్డుకొచ్చి బట్టలు మార్చుకునేలోపే బాంజో కొండ అవతలి చుట్టాలకి వెళ్ళిపోయింది.

మా సంఘంలో అంతే. గుడిలో వాద్యం ఉండదు, సంఘంలో చేరినవాళ్ళ ఇంట్లోనూ వాళ్ళ చెయ్యి తీగ మీద పడకూడదు. ఇంకా చేరనివాళ్ళకి ఆ కట్టుబాటు లేదు. చేరమని ఎవరూ తొందరపెట్టరు కూడా. పిలుపు పైనుంచి రావాలి. జీవితంలో సగం వెనక బెంచీలో కూర్చుని, ఒక ఆదివారం ఉన్నట్టుండి లేచి ఏడుస్తూ ముందుకు నడిచినవాళ్ళు మా గుళ్ళో చాలామందే ఉన్నారు. నేనప్పటికి వెనక బెంచీ దాన్ని. నాకు భయం ఉంది, భక్తి ఉంది, పిలుపు మాత్రం రాలేదు.

ఒకరోజు భోజనాల దగ్గర అడిగేశాను, ప్రార్థనలో మీ చెయ్యి ఏం చేస్తూ ఉంటుంది మామయ్యా అని. ఆయన ఆ చేతిని పరాయివాళ్ళ చేతిలా కాసేపు చూసుకున్నారు. తర్వాత దాన్ని జేబులో పెట్టుకున్నారు.

"ఏమీ చెయ్యదు," అన్నారు.

ఏదో ఒకటి చెప్పి ఉంటే ఊరుకునేదాన్నేమో. ఏమీ చెయ్యదనేసరికి నాకు నిద్ర పట్టడం మానేసింది.

వాగు దిగువన ఒక కుర్రాడు గిటారు మోజులో పడి తన బాంజోని మూలన పడేశాడని విని, రెండు పెట్టల్ని చంకన పెట్టుకుని వెళ్ళి మార్చుకొచ్చాను. గుండ్రటి చెక్క చట్రం, దానికి బిగించిన దూడ చర్మం, పొడుగాటి కాడ. నాలుగు తీగలు కాడ చివరిదాకా పోతాయి. ఐదోది పొట్టిది, సగంలోనే ఒక మేకు దగ్గర ఆగిపోతుంది, సరిగ్గా బొటనవేలికి అందేచోట. దాన్ని చూడగానే మామగారి బొటనవేలు వాలేది ఎక్కడో నాకు తెలిసిపోయింది. వాలి ఏం చేస్తుందో మాత్రం తెలియలేదు.

ఆర్విల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ కోళ్ళయితే గుడ్లు పెట్టేవి. ఇది గోల పెడుతుంది," అన్నాడు.

అన్నట్టే పెట్టింది. రేడియోలో వాయించే కుర్రాళ్ళు వేళ్ళకి ఇనప గోళ్ళు తొడుక్కుని తీగల్ని పైకి లాగుతారు. రేకు కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు ఉంటుంది. నాకు తెలిసింది అదొక్కటే గనక నేనూ లాగాను. శబ్దం వచ్చింది. మామగారి చెయ్యి చేసేది మాత్రం అది కాదు.

పొగాకుకీ బాంజోకీ ఒకే గాలి పడదు. మంచు పొగ కమ్మి, చినుకు పడితేనే ఆకు పదునుకొస్తుంది, పాత చేతిసంచీలా మెత్తబడుతుంది. ఆ రోజుల్లో పొద్దున్నుంచీ ముగ్గురం పొగాకు ఆరబెట్టే బ్యారన్ పక్క గదిలో నిలబడి కాడల నుంచి ఆకు ఒలిచి, రంగును బట్టి వేరుచేసి, కట్టలు కట్టేవాళ్ళం. అప్పుడు బాంజో చర్మం వదులై, తడి దుప్పటిని కొట్టినట్టు మూలిగేది. ఆకాశం విచ్చి, చలి ఎండ కాస్తే ఆకు పెళుసెక్కుతుంది, ముట్టుకుంటే పొడే. ఆ రోజున ఆకు జోలికి ఎవరూ పోరు. ఆ రోజునే చర్మం బిగిసి, గోరు తగిలితే చాలు, గది మొత్తం మోగేది. అలా నా పాఠాలకి రోజులు పైవాడే వేరుచేసి ఇచ్చినట్టయింది.

పొడి రోజుల్లో ఆర్విల్ కట్టెలకి వెళ్ళేవాడు. నేను ఆ గదిలో పొయ్యి పక్కన చేరేదాన్ని. మామగారు కిటికీ దగ్గర స్టూలు వేసుకుని, చాకుతో గొడ్డలికి పిడి చెక్కుతూ ఉండేవారు. నేనంటూ ఒకదాన్ని అక్కడ ఉన్నట్టు ఎరగరు. నేను తిప్పలు పడుతున్నాను.

"పీకుతున్నావు," అన్నారు ఒకరోజు, కిటికీకేసే చూస్తూ.

నేను ఆగాను.

"పీకడానికి అది కోడి కాదు అమ్మాయ్. గోటితో కిందికి కొట్టాలి. కిందికే. పైకి పోతే అది వేరే దేశం."

అని మళ్ళీ చెక్కుకోవడంలో పడ్డారు. గోటితో కిందికి కొట్టాను. ఒకే ఒక్క దెబ్బ. బాంజో నోట్లోంచి మొదటిసారి మాటలాంటిది వచ్చింది.

అక్కణ్ణుంచి అదే మాకు అలవాటైంది. ఆయన నాకు వీపు పెట్టి కూర్చునేవారు. బాంజోని చూసేవారు కాదు, దాని దగ్గరికి వచ్చేవారు కాదు. వినేవారు, అంతే. వేలు కదులుతోంది, వేలు కదలకూడదు, మణికట్టు కదలాలి, అనేవారు. చేతికంటిన నీళ్ళు విదిలించినట్టు విదిలించు, అనేవారు. వినికిడితోనే నా మోచెయ్యి ఎక్కడుందో చెప్పేవారు. నావైపు తిరిగి ఒక్కసారి చూస్తే సులువు కదా అని నేనంటే, చాకు ఆపారు.

"చూస్తే చెయ్యి చాస్తాను," అన్నారు.

గోరు ఒక పెద్ద చిక్కైంది. బూడిద సబ్బుతో అంట్లు తోమే ఆడదానికి గోరెక్కడ నిలుస్తుంది? కొట్టిన నాలుగో దెబ్బకి చీలిపోయేది. ఆ సంగతి చెబితే మామగారు ఆలోచించి, రాత్రి భోజనాలయ్యాక ఏమీ ఎరగనట్టు, అంట్లు ఆర్విల్‌ని తోమమన్నారు. ఆర్విల్ జర్మనీదాకా వెళ్ళొచ్చిన మనిషి. తండ్రి వంక చూశాడు, నా వంక చూశాడు, లేచి వెళ్ళి ముందు వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఆ తర్వాత తోమాడు. ఆ కాలమంతా మా ఇంట్లో అంట్లు తోమింది ఆర్విలే, తలుపు వేసుకుని.

గోరు పెరిగింది. దెబ్బ కుదిరింది. తీగలన్నింటి మీదా ఒక్కసారి కిందికి రాసే రెండో దెబ్బ కూడా వచ్చింది. బొటనవేలు మాత్రం రాలేదు. పొట్టి తీగని దానితో లాగేదాన్ని. ఎప్పుడూ కాస్త ఆలస్యం, బండి వెళ్ళిపోయాక పరిగెత్తుకొచ్చినవాడిలా. మామగారు నాకు వీపు పెట్టుకునే విని, అది పని చేస్తోంది, దాన్ని పని చెయ్యనివ్వకు, అనేవారు. పని చెయ్యకపోతే ఎలా మోగుతుంది మామయ్యా అంటే, వాలాలి, అంతే, అనేవారు. గోరూ అదీ ఒకేసారి వాలాలి. చెయ్యి లేస్తే మిగతాది అదే జరుగుతుంది. నాకు జరిగేది కాదు. వేలికి నొప్పి లేదు, మనసుకే. ఒకరోజు బాంజోని బెంచీ మీద పెట్టేసి, ముక్కు చీదుకున్నాను. నా వల్ల కాదని అనలేదు గాని, ఆ చీదడంలో ఆయనకి వినిపించినట్టుంది.

చాకు మడిచిన చప్పుడైంది. మామగారు లేచి, ఇటు తిరిగి, నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. చలికి నేను కోటు వేసుకునే ఉన్నాను.

"ఎడమ చెయ్యి ఇలా చాపి పెట్టు," అన్నారు.

పెట్టాను. ఆయన తన కుడిచెయ్యి నా కోటు చేతిమీద ఉంచారు. గోరు నా మణికట్టు పైన పడింది. అదే క్షణాన, ముందూ వెనకా కాకుండా, బొటనవేలు కోటు మడత మీద వాలింది. అక్కడే కూర్చుంది. చెయ్యి లేచింది. లేస్తూ ఉంటే ఆ బొటనవేలు బట్టని కాస్త పట్టుకుని వదిలేసింది. లాగలేదు. వదిలేసింది. మళ్ళీ. నెమ్మదిగా కొన్నిసార్లు చేశాక, ఆయన ఆపడం మరిచిపోయారు. దెబ్బలు నడకందుకున్నాయి. గోరు ఒకచోట పడటం మాని కొంచెం అటు, కొంచెం ఇటు పడసాగింది. గదిలో బట్ట రాసుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు, కానీ నా చేతి ఎముక వెంట ఒక పాట నడిచి వెళ్ళింది. ఒక మలుపు తిరిగి, మళ్ళీ మొదటికొచ్చి, ఆగింది.

నేను బాంజో అందుకుని గోటిని కిందికి పడనిచ్చాను, బొటనవేలిని వాలనిచ్చాను, చెయ్యి ఎత్తాను. పొట్టి తీగ తనంతట తనే మోగింది. ఇంత తేలికైనదాని కోసమా ఇన్నాళ్ళూ, అని నవ్వొచ్చింది. మామగారికి చెబుదామని తలెత్తితే ఆయన లేరు. టోపీ బెంచీ మీదే ఉంది.

ఆ రాత్రి ఆయన మజ్జిగలో మొక్కజొన్న రొట్టె తుంచుకుని, తినకుండా లేచారు. తర్వాత రెండు రోజులు ముసురు పట్టింది. ముగ్గురం ఆకు ఒలుస్తూనే ఉన్నాం. మూడోనాడు, ఆర్విల్ కట్టలు మోసుకుని బ్యారన్‌లోకి వెళ్ళినప్పుడు, చేతిలో ఆకుతోనే అడిగారు.

"అమ్మాయ్, నేను వాయించానంటావా?"

"మీరు బాంజో ముట్టుకోలేదు కదా మామయ్యా."

"ముట్టుకోలేదు. అది నాకూ తెలుసు. వాయించానా?"

లేదనడానికి నోరు తెరిచాను. కానీ ఆ పాట మొదటి భాగం అప్పటికే నా చేతుల్లో ఉంది. ఎక్కడి నుంచి వచ్చింది మరి? తెలియదు మామయ్యా, అన్నాను. నాకూ తెలియడం లేదు, శనివారం సంఘాన్ని అడుగుతాను, అన్నారు ఆయన.

ఆ మాట ఆర్విల్ చెవిన పడి గొడవైంది. మాట తప్పినవాణ్ణి సంఘం వెలివేస్తుంది. మామగారికి సంఘం ఎంత ముఖ్యమో ఆర్విల్‌కి తెలుసు. మా గుళ్ళో పాటల పుస్తకాలు అందరికీ ఉండవు. ఒక పెద్దాయన ముందు నిలబడి చరణం గబగబా చదివి అందిస్తే, సంఘమంతా దాన్ని అందుకుని, కొండ మీద మేఘం సాగినట్టు సాగదీసి పాడుతుంది. ఆ అందించే గొంతు మామగారిదే. అత్తగారు పోయాక ఆయన్ని పొద్దున్నే మంచం దింపింది ఆ పనే. ఆదివారం కోసం సోమవారం నుంచే ఏ పాట అందించాలా అని గొణుక్కుంటూ తిరిగేవారు.

ఎవరూ అడగందే లేచి చెప్పడమెందుకు నాన్నా, ఆ గదిలో ఉన్నది మీరిద్దరేగా, అన్నాడు ఆర్విల్. మామగారికి కోపం రాలేదు.

"నేను చెప్పడానికి పోవడం లేదురా. అడగడానికి పోతున్నాను. తెలిసుంటే అడిగేవాణ్ణి కాదు."

నెలకొక శనివారం సంఘం కూర్చుంటుంది. చేరనివాళ్ళు వెనక ఉండొచ్చు, నోరెత్తకూడదు. ఆర్విల్, నేను చివరి బెంచీలో కూర్చున్నాం. సంఘపెద్ద హోబర్ట్ గుర్రాలకి నాడాలు కొట్టే మనిషి. వాక్యం చెప్పేటప్పుడు కూడా ఆయన వేళ్ళకి మసి ఉండేది. సంఘంలో అందరికీ సమాధానమేనా, ఎవరి మనసులోనూ ఏ పేచీ లేదు కదా అని అడిగారు. ప్రతి నెలా అడిగేదే, అందరూ సమాధానమే అనేదే. మామగారు లేచి నిలబడ్డారు.

ఉన్నదున్నట్టు చెప్పారు. కోడలు నేర్చుకుంటోందని, తాను వీపు పెట్టి కూర్చున్నానని, బొటనవేలి సంగతి మాటలకి లొంగలేదని, కోటు చేతిమీద చూపించానని. తీగ ముట్టుకోనని దేవుడికి మాటిచ్చాను, ముట్టుకోలేదు, అయినా నాకు సందేహంగా ఉంది, నేను వాయించానో లేదో మీరు చెప్పండి, అన్నారు.

గుడ్డ మీద వాయించడమేమిటి అని ఒకాయన అన్నాడు. బల్ల మీద దరువెయ్యనివాడెవరు, అని ఇంకొకాయన. చెయ్యి కాదు, మనసెక్కడుందో చూడాలి, అంది డెల్లీ అక్క. ఆవిడ సంఘంలో అందరికంటే పెద్దది, అందరికంటే గట్టిది. హోబర్ట్ అందరివీ విని, గడ్డం రుద్దుకున్నారు.

"చూడందే నేనేం చెప్పను? ఎలా చేశావో చెయ్యి," అని తన నల్లకోటు చేతిని వాక్యం చెప్పే బల్ల మీద చాపారు.

"ఇక్కడా?" అన్నారు మామగారు.

"ఇంకెక్కడ?"

వెనక నుంచి నాకు వాళ్ళిద్దరి ముఖాలూ భుజాలూ మాత్రం కనిపిస్తున్నాయి. గుడి అంతా ఊపిరి బిగబట్టింది గనక, కోటు మీద గోరు పడే చప్పుడు అంత దూరానికీ వినిపించింది, గడ్డివాములో ఎలుక తిరుగుతున్నట్టు. హోబర్ట్ మొదట గోడకేసి చూస్తున్నారు. తర్వాత ఆయన చూపు మెల్లగా తన చేతిమీదికి దిగింది. చాలు అని ఎప్పుడైనా అనొచ్చు. అనలేదు. మామగారు తనంతట తాను ఆపేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంచారు.

తర్వాత కోటు చెయ్యి సర్దుకున్నారు.

"ఈ పాట మా తమ్ముడు వాయించేవాడు," అన్నారు. "మొదటి భాగం రెండుసార్లు, రెండో భాగం ఒక్కసారి. నువ్వూ అలాగే చేశావు."

మామగారు తల ఊపారు.

"నాకు పాట తెలిసింది ఎల్జీ. తెలిసిందంటే వాయించినట్టే."

ఆర్విల్ నా చెయ్యి పట్టుకున్నాడు. మామగారు వాదించలేదు. చాలా రోజుల తర్వాత దప్పిక తీరినవాడిలా ఉంది ఆయన ముఖం. అడిగినదానికి జవాబు దొరికింది మరి. అయితే మాట తప్పాను, క్షమించండి, అన్నారు. ఇక ఎవరి చేతిమీదా, దేనిమీదా చెయ్యనని మాటిస్తావా అని డెల్లీ అక్క అడిగింది. బల్లలూ కోట్లూ సరే, మోకాలి మీద సంగతి మాత్రం మాటివ్వలేనక్కా, అది నాకు తెలియకుండా జరుగుతుంది, అన్నారు ఆయన. ఎవరో కిసుక్కుమన్నారు. డెల్లీ అక్క నవ్వలేదు.

"తెలియకుండా జరిగేది నీకూ దేవుడికీ మధ్య. దాంట్లోకి నేను రాను," అంది.

క్షమించడానికి అభ్యంతరం ఉన్నవాళ్ళని లేవమన్నారు హోబర్ట్. ఎవరూ లేవలేదు. ఆ తర్వాత మా పద్ధతి ప్రకారం ఒక్కొక్కరూ వరసగా వచ్చి మామగారి కుడిచెయ్యి పట్టుకుని ఊపారు. డెల్లీ అక్క అందరికంటే ఎక్కువసేపు పట్టుకుంది. పాట అందించమన్నారు హోబర్ట్. మామగారు నిలబడి, గొంతు సవరించుకుని, చరణం అందించారు. సంఘం అందుకుంది. ఆర్విల్ అప్పుడు నా చెయ్యి వదిలాడు.

ఆఖరి పాటలో, రావాలనిపించినవాళ్ళు ముందుకు రావచ్చని పిలుస్తారు. పాడుతున్న మామగారి కళ్ళు వెనక బెంచీని వెతికాయి. ఆ పూట నా గుండెలో ఏదో కదిలిన మాట నిజం. కాళ్ళు కూడా కాస్త కదిలాయి. పిలుపంటే ఇదేనా, ఇంకోలా ఉంటుందా? ఎవర్ని అడగను? పాట అయిపోయింది.

ఇంటికొస్తూ ఆర్విల్ ఆవుల సంగతి చూడాలని ముందు వెళ్ళిపోయాడు. మామగారూ నేనూ వాగు గట్టు వెంట మెల్లగా నడుస్తున్నాం.

"ఇవాళ ముందుకొస్తావేమోనని చూశాను," అన్నారు.

"రావాలనే అనిపించింది మామయ్యా. కానీ పాట సగమే వచ్చింది. రెండో భాగం ఇంకా చేతికి రాలేదు."

అది దేవుడి విషయంలో చెప్పదగిన జవాబేనా అని అన్నాక అనిపించింది. ఆయన వాగు దాటడానికి వేసిన దుంగ మీద నడిచి అవతలికి చేరి, నేను దాటేదాకా నిలబడ్డారు.

"బాప్తిస్మం నీళ్ళెక్కడికీ పోవులే," అన్నారు. ఇంకాసేపు నడిచాక, దారి చూసుకుంటూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు అన్నారు. "హోబర్ట్ తమ్ముడు రూయెల్ ఇల్లు పిండిమర దాటాక వస్తుంది. ఆ పాట వాడికి పూర్తిగా వచ్చు. బాంజో చేత్తో పట్టుకుని చూపిస్తాడు."

"ఆయనా ఈపాటికి సంఘంలో చేరి మానేసి ఉంటారు కదా?"

"లేదమ్మాయ్. దేవుడి దయవల్ల వాడికింకా మారుమనస్సు కలగలేదు."

నాలుగడుగులు వేశాక తానన్న మాట తన చెవిన పడ్డట్టుంది. మామగారు ఆగి, టోపీ తీసి, పైకి ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకున్నారు.